ఐదు పిడులు, పది సాకెట్లు
పనిముట్ల కథ – 9వ భాగం

1863 జూన్ 16. అమెరికా అంతర్యుద్ధం మూడో ఏట పడింది. గెటిస్‌బర్గ్ పోరుకు ఇంకా రెండు వారాలుంది. ఆ రోజున వెర్మాంట్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ అనే చిన్న ఊళ్లో ఉండే జె.జె. రిచర్డ్‌సన్‌కి 38,914 నంబరు పేటెంటు మంజూరైంది. ముందుకు తిప్పితే నట్టును పట్టి బిగించి, వెనక్కి తెస్తే టకటకమని జారిపోయే రాట్చెట్ పిడి ఒకటి. నట్టు సైజును బట్టి దానికి మార్చి మార్చి తొడుక్కునే సాకెట్లు కొన్ని. ఇవాళ ఏ మెకానిక్ షెడ్డుకి వెళ్లినా కనబడే సాకెట్ సెట్టు, కొన్నిచోట్ల గోటీ పానా అని పిలిచే సరంజామా, మూలంలో అదే.

ఆలోచన అప్పుడే పుట్టింది గానీ, అది పెట్టెల్లో సర్దుకుని ఊరూరి అంగడికీ చేరడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. లోపం రిచర్డ్‌సన్ తెలివిలో లేదు, నట్లలో ఉంది. ఒక కార్ఖానాలో చేసిన నట్టు ఇంకో కార్ఖానా బోల్టుకి ఎక్కని కాలమది. నట్లే తలో సైజులో ఉంటే, పది సాకెట్లు పెట్టెలో పెట్టి అమ్మితే కొనేదెవరు?

గత భాగంలో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరచుట్లకు 55 డిగ్రీల కోణంతో ఒక పద్ధతి ఏర్పరచిన సంగతి చెప్పుకున్నాం. రిచర్డ్‌సన్ పేటెంటు వచ్చిన మరుసటి ఏడు, 1864 ఏప్రిల్‌లో, ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం సెల్లర్స్ తన పత్రం చదివాడు. ఆయన కోణం 60 డిగ్రీలు. అంతకన్నా మనకి ముఖ్యమైనది, నట్టు వెడల్పుకి ఆయన చెప్పిన లెక్క. బోల్టు మందాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, దానికి అంగుళంలో ఎనిమిదో వంతు కలపాలి. అరంగుళం బోల్టుకి నట్టు వెడల్పు 7/8 అంగుళం. ఎవరు చేసినా అంతే ఉండాలి. 1868లో అమెరికా నౌకాదళం ఈ పద్ధతిని స్వీకరించింది. రైల్వేలు ఆ దారే పట్టాయి. సాకెట్ సెట్టుకు కావలసిన నేల అలా సిద్ధమైంది. ఇక కొనే జనం రావాలి.

కారుతో వచ్చిన గిరాకీ

రైలింజను బాగుచేసేవాడికి సాకెట్లతో అంత పని లేదు. నట్లు పెద్దవి, చోటు విశాలం, గోడకు వరసగా తగిలించిన బరువైన పానాలు చేతికందుతాయి. కారు సంగతి వేరు. ఇంజను ఇరుకు. నట్టు ఒక సందులో, దాని పక్కనే గొట్టం, పైన రేకు. నోరు తెరిచిన పానా పావు చుట్టు తిరగకముందే దేనికో తగిలి ఆగిపోతుంది. పైగా కారు ఆగేది కార్ఖానాలో కాదు, నడిరోడ్డున. దాన్ని విప్పాల్సింది యజమానే.

ఫోర్డ్ మోడల్ టి 1908లో వచ్చింది. 1913లో హైలండ్ పార్క్ కార్ఖానాలో కదిలే అసెంబ్లీ లైను మొదలైంది. 1927లో ఆ మోడల్ ఆగిపోయేనాటికి కోటిన్నర కార్లు బయటికొచ్చాయి. ప్రతి దానిలోనూ నట్లే నట్లు.

ఈ గిరాకీని ముందుగా పసిగట్టినవాళ్లలో మసాచుసెట్స్ రాష్ట్రం ఆటిల్‌బరోలోని ఫ్రాంక్ మాస్‌బర్గ్ కంపెనీ ఒకటి. 1910ల దశకంలో ఇది ‘ఆటో-క్లే’ అనే పేరుతో, రాట్చెట్ పిడీ దానికి తొడిగే సాకెట్లూ కలిపి సెట్లుగా అమ్మింది. అదే రాష్ట్రంలోని వూస్టర్‌లో వాల్డెన్ కంపెనీ ఒక్కో పిడికి ఒక్కో సాకెట్టు శాశ్వతంగా బిగించిన పానాలు చేసేది. ఈ రెండో రకానికి బలం ఎక్కువ. కానీ ఒక కారు పూర్తిగా విప్పాలంటే అలాంటివి మోపెడు కావాలి.

ఆ కాలపు సాకెట్టు ఇప్పుడు చేతిలోకి తీసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. గోడ మందం, లోపలి మూలలు మొద్దు. కొన్నింటి లోపల ఆరు మూలలకు బదులు నాలుగో ఎనిమిదో ఉంటాయి, ఎందుకంటే అప్పట్లో చతురస్రపు నట్లు చాలా వాడేవాళ్లు. నట్లు షట్కోణాలుగా స్థిరపడ్డాక పన్నెండు మూలల సాకెట్టుకి విలువ పెరిగింది. ఆరు మూలలది మళ్లీ నట్టు మీద కూర్చోవాలంటే 60 డిగ్రీలు తిరగాలి. పన్నెండు మూలలదానికి 30 డిగ్రీలు చాలు. ఇరుకు సందులో ఆ సగమే పని జరుగుతుందా లేదా అన్నది తేల్చేది.

గోడ పల్చబడటానికి కారణం ఉక్కులో వచ్చిన మార్పు. క్రోమియం, వెనేడియం కలిపిన ఉక్కు 1920లలో పానాల్లోకి వచ్చింది. పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో ఉన్న బానీ కంపెనీ ఇందులో ముందుంది. మామూలు ఇనుముతో అంత పల్చగా చేస్తే సాకెట్టు పిగిలిపోతుంది. కొత్త ఉక్కుతో చేసింది పల్చగానూ ఉంటుంది, నట్టుకీ పక్క రేకుకీ మధ్య దూరిపోతుంది.

మిల్వాకీలో ఒక కూడిక

1919 ప్రాంతంలో విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలోని అమెరికన్ గ్రైండర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీలో జోసెఫ్ జాన్సన్ పనిచేస్తుండేవాడు. పది సాకెట్లు, ఐదు రకాల పిడులు, వేటికి వేటినైనా తొడగవచ్చు అన్నది ఆయన ఆలోచన. పైవాళ్లు వద్దన్నారు. ఒక్కొక్కరికీ యాభై పానాలు అమ్ముకోగలిగినప్పుడు పదిహేను ముక్కలు అమ్మడం వ్యాపారికి రుచించదు మరి. జాన్సన్, తన తోటి ఉద్యోగి విలియం సైడ్‌మన్‌తో కలిసి నమూనా సెట్లు చేసి అమ్మకందార్ల చేతికిచ్చాడు. ఆర్డర్లు రావడంతో 1920లో సొంత కంపెనీ పెట్టారు. పేరు స్నాప్-ఆన్ రెంచ్ కంపెనీ. ‘ఐదు చేసేది యాభై పని’ అన్నది వాళ్ల ప్రచార వాక్యం. పది సాకెట్లను ఐదు పిడులతో గుణిస్తే వచ్చేది ఆ యాభై. 1930లో కంపెనీ కెనోషా పట్టణానికి మారింది.

పిడి చివర చతురస్రపు మొన ఉంటుంది. దాని ఒక పక్క చిన్న ఉక్కు గుండు, వెనక స్ప్రింగు. సాకెట్టు తొడగ్గానే గుండు లోపలికి అణిగి, సాకెట్టు గోడలోని గుంతలోకి ‘టక్’మని పడుతుంది. సాకెట్టు జారిపోదు, బలంగా లాగితే ఊడి వస్తుంది. ఇంతే యంత్రాంగం. కానీ ఈ టక్కుమనే అమరిక కుదరాలంటే చతురస్రపు మొన కొలత అందరికీ ఒకటే కావాలి. నట్లకి సెల్లర్స్ చేసిన పని, పిడులకి ఎవరూ ఒక్కసారిగా చేయలేదు. అది మెల్లిగా, అమ్మకాల పోటీలో తేలింది. ఇవాళ మనకి తెలిసిన 1/4, 3/8, 1/2, 3/4 అంగుళాల డ్రైవులు అలా మిగిలినవే. మధ్యలో పోయినవీ ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు చిన్న సాకెట్లు 9/32 అంగుళం డ్రైవుతో వచ్చేవి. స్నాప్-ఆన్ ‘మిడ్జెట్’ సెట్లు ఆ కొలతవే. ఇప్పటి 1/4 పిడి అందులో వదులుగా ఆడుతుంది. పాత సామాను కొనేవాడికి ఆ వదులే మంచి కబురు, ఎందుకంటే ముక్క వయసును అది కొలత లేకుండానే చెప్పేస్తుంది.

స్నాప్-ఆన్ ఇంకో మేలు చేసింది. 1927 నుంచి తయారైన ఏడాదిని సూచించే చిన్న గుర్తును ప్రతి పనిముట్టు మీదా కొట్టడం మొదలుపెట్టింది. అంకెలా కనిపించేది, తలకిందులైన అంకె, అక్షరం, ఏదో ఒక ఆకారం. సేకర్తలు ఆ గుర్తుల పట్టిక జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఒక పెట్టెలోని పది సాకెట్లలో తొమ్మిది ఒకే ఏటివీ, పదోది ఆరేళ్ల తరవాతదీ అయితే, అసలుది ఎప్పుడో పోగొట్టుకుని కొత్తది కొన్నారని అర్థం. ఆ మెకానిక్ ఎవరో మనకి తెలియదు గానీ, అతని నష్టం తేదీతో సహా తెలుస్తుంది.

ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. కార్ఖానాల లెడ్జర్లు కాలిపోయాయి, కంపెనీలు చేతులు మారాయి, కేటలాగులు చెత్తలో కలిశాయి. మిగిలింది ఉక్కు మీద కొట్టిన ముద్రలు. వాటిని చదవడం వస్తే ఇరవయ్యో శతాబ్దపు పారిశ్రామిక చరిత్రలో సగం ఒక రేకు పెట్టెలోనే దొరుకుతుంది. ఇందుకు మూడు ఉదాహరణలు చూద్దాం.

ఐదు వందల డాలర్ల పేరు

చికాగోలోని సియర్స్ రోబక్ ఒకప్పుడు అమెరికాలో పోస్టు ద్వారా సరుకులమ్మిన పెద్ద వ్యాపారం. 1927లో అది మారియన్-క్రాఫ్ట్స్‌మన్ అనే టూల్ కంపెనీ దగ్గర ‘క్రాఫ్ట్స్‌మన్’ అన్న పేరును 500 డాలర్లకు కొంది. చేతి పనిముట్లు విరిగితే ఏళ్లతో నిమిత్తం లేకుండా కొత్తది ఇస్తామన్న హామీ తరవాత ఆ పేరుకి ప్రాణమైంది. విరిగిన సాకెట్టు కౌంటరు మీద పెడితే చాలు, బిల్లు అడగకుండా కొత్తది చేతిలో పెట్టేవారు.

సియర్స్ తానుగా పనిముట్లు చేయలేదు. ఇతరుల చేత చేయించుకుని తన పేరు వేయించుకునేది. చేసినవాడి పేరు బయటికి రాదు, ఒక చిన్న సంకేతం మాత్రం పడుతుంది. క్రాఫ్ట్స్‌మన్ రాట్చెట్ల మీద కనబడే ‘వి’ అక్షరపు గుర్తు, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న మూర్ డ్రాప్ ఫోర్జింగ్ కంపెనీది. పేరు చికాగోది, చెయ్యి స్ప్రింగ్‌ఫీల్డుది.

హామీ వల్ల కొనేవాడికి లాభమే. చరిత్రకు మాత్రం నష్టం. 1930లనాటి సాకెట్టు 1970లో విరిగితే దాని బదులు 1970నాటిది వచ్చింది, పాతది తుక్కులోకి పోయింది. అందుకే తొలినాటి క్రాఫ్ట్స్‌మన్ సెట్టు పూర్తిగా, ఒకే కాలపు గుర్తులతో దొరకడం అరుదు.

ఒక అక్షరం మీద దావా

1907లో లాస్ ఏంజెలెస్‌లో ఆల్ఫోన్స్ ప్లోంబ్, జేకబ్ వెనింగర్, చార్లెస్ విలియమ్స్ అనే ముగ్గురు కలిసి కొలిమి పెట్టారు. మొదట ఉలులు, పంచులు చేసేవారు. మోటారు యుగం రాగానే పానాలకీ సాకెట్లకీ మళ్లారు. ప్లోంబ్ పేరు పశ్చిమ తీరమంతా పాకింది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. క్రోమియం, నికెల్ లోహాలు ట్యాంకులకీ విమానాలకీ కావాలి. పానాల మీద మెరుగు పూత కోసం వాటిని ఖర్చు పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. కంపెనీలన్నీ నల్లటి, బూడిదరంగు పూతలకు దిగాయి. ప్లోంబ్ తన మోడల్ నంబర్ల ముందు ‘డబ్ల్యు ఎఫ్’ అని చేర్చింది, వార్ ఫినిష్ అన్నమాటకి పొడి అక్షరాలు. ఈ పూత యుద్ధకాలపుది, మా పనితనంలో లోపం అనుకోకండి అని కొనేవాడికి చెప్పుకోవడమే. ఇప్పుడు మెరుపు లేని ఆ ముక్కలకే సేకర్తలు ఎక్కువ ధర పెడతారు.

యుద్ధం ముగియగానే ఇంకో చిక్కొచ్చింది. ఫిలడెల్ఫియాలో ఫయెట్ ఆర్. ప్లంబ్ అనే కంపెనీ సుత్తులు, గొడ్డళ్లు అమ్మేది. ప్లోంబ్, ప్లంబ్. ఇంగ్లీషులో రాస్తే ఒక్క అక్షరం తేడా. 1946లో ఫిలడెల్ఫియా వాళ్లు కోర్టుకెక్కారు. లాస్ ఏంజెలెస్ వాళ్లు పేరు వదులుకోక తప్పలేదు. ప్రొఫెషనల్ టూల్స్ అన్న రెండు మాటల తలలు కలిపి 1948లో ‘ప్రోటో’ అయ్యారు. 1957లో కంపెనీ పేరు పెండిల్టన్ టూల్ ఇండస్ట్రీస్ అయింది. 1964లో ఇంగర్‌సాల్-రాండ్ కొంది, 1984లో స్టాన్లీ కొంది. క్రాఫ్ట్స్‌మన్ పేరు కూడా 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ చేతికే చేరింది. ఒకప్పుడు అంగట్లో కొట్టుకున్న రెండు పేర్లు ఇప్పుడు ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి.

కాబట్టి ఒక సాకెట్టు మీద ప్లోంబ్ అని ఉంటే అది ఆ పేరు మార్పుకు ముందుది. ‘డబ్ల్యు ఎఫ్’ కూడా ఉంటే యుద్ధపు రోజులది. ప్రోటో అని ఉంటే ఆ తరవాతది. తీర్పు ప్రతి చదవక్కర్లేదు.

బొటనవేలి కింద బొత్తాం

1963లో మసాచుసెట్స్‌లోని గార్డ్‌నర్ పట్టణంలో సియర్స్ దుకాణంలో పీటర్ రాబర్ట్స్ అనే 18 ఏళ్ల కుర్రాడు అమ్మకాల గుమాస్తాగా చేసేవాడు. రాట్చెట్టు నుంచి సాకెట్టు ఊడదీయడం జిడ్డు చేతులతో ఎంత తంటానో అతనికి తెలుసు. గుండు ఎంత గట్టిగా పట్టుకుంటే సాకెట్టు అంత భద్రం, తీసేటప్పుడు అంత యాతన. అతను రాట్చెట్ తల వెనక ఒక బొత్తాం పెట్టాడు. బొటనవేలితో నొక్కితే లోపలి కడ్డీ కదిలి, గుండుకి వెనక్కి వెళ్లే చోటు దొరుకుతుంది, సాకెట్టు దానంతటదే రాలి పడుతుంది. ఒక్క చేత్తో అయిపోతుంది.

కొత్త ఆలోచనలుంటే చెప్పమని ఉద్యోగులకు సియర్స్ ఒక పథకం పెట్టింది. కుర్రాడు దాని ద్వారానే తన రాట్చెట్టు చూపించాడు. ఇందులో పెద్ద కొత్తదనం లేదు, అంతగా అమ్ముడుపోదు అన్నట్టుగా చెప్పి, 1965లో ఒప్పందం రాయించుకున్నారు. ఒక్కోదానికి రెండు సెంట్లు, మొత్తం 10,000 డాలర్లకు మించకుండా. సంతకాలైన కొద్ది రోజులకే వారానికి 44 వేల చొప్పున తయారీ సాగింది. లెక్క వేసి చూడండి. ఐదు లక్షల రాట్చెట్లకే ఆ పరిమితి నిండిపోతుంది, అంటే పన్నెండు వారాల్లోపే. 1975 నాటికి 1.9 కోట్ల పైచిలుకు అమ్ముడయ్యాయి.

రాబర్ట్స్ 1969లో దావా వేశాడు. మోసం జరిగిందని జ్యూరీ పది లక్షల డాలర్లు ఇప్పించింది. 1978లో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. అతని పేటెంటు చెల్లుతుందా చెల్లదా అన్న వ్యాజ్యం ఇంకో పదేళ్లు నలిగి, 1989లో రాజీతో తెమిలింది. పద్దెనిమిదేళ్లప్పుడు మొదలైన పని తేలేసరికి అతనికి నలభై దాటాయి.

రాట్చెట్టు తల వెనక్కి తిప్పి చూస్తే ఈ కథంతా కనబడుతుంది. బొత్తాం లేని పాత క్రాఫ్ట్స్‌మన్ ఈ ఒప్పందానికి ముందుది కావచ్చు. బొత్తాం ఉన్నది అయితే తప్పకుండా తరవాతదే.

రేకు పెట్టె సంగతి

సాకెట్టు ఉక్కుది కనక వందేళ్లైనా మిగులుతుంది. దాన్ని మోసిన పెట్టె మిగలదు. తొలినాటి సెట్లు చెక్కపెట్టెల్లో వచ్చేవి. తరవాత పల్చటి ఉక్కు రేకును మరలో వంచి, మూలలు అతికి, మూత మడతబందుతో బిగించిన పెట్టెలు వచ్చాయి. లోపలి పళ్లెంలో ఒక్కో సాకెట్టుకీ ఒక్కో గుంత అచ్చుకొట్టి ఉండేది. గుంత ఖాళీగా ఉంటే ఏది పోయిందో కంటికి కనబడుతుంది. అచ్చమైన సదుపాయం. మూత లోపల కాగితం మీదో, రంగు స్టిక్కరు మీదో కంపెనీ పేరు, సాకెట్ల జాబితా. పైన అతికించే ఆ కాగితమే ముందుగా పోయేది, ఇప్పుడు ఎక్కువ విలువ చేసేదీ అదే.

పెద్ద పెట్టెల్లో ఒహైయో రాష్ట్రం వాన్ వెర్ట్‌లో 1911లో మొదలైన కెనెడీ కంపెనీ పేరెన్నికగన్నది. ముడతలు పడ్డట్టుండే గోధుమరంగు పూత దాని ఆనవాలు. ఆ ముడతలు పాతబడి వచ్చినవి కావు, కావాలని రప్పించినవి. టంగ్ నూనె కలిపిన రంగును వేడిచేస్తే పైపొర ముందుగా గట్టిపడుతుంది, కింది పొర ఇంకా మెత్తగానే ఉంటుంది. ఆ తేడాకి పైపొర ముడుచుకుంటుంది. రేకులోని చిన్న చిన్న సొట్టలూ, అతుకుల గరుకుతనమూ ఆ ముడతల్లో కలిసిపోతాయి. అందంతో పాటు ఖర్చూ కలిసొచ్చింది.

తుప్పు తీయడం, చరిత్ర మిగల్చడం

ఇప్పుడు మరమ్మతు. సంతలో దొరికిన పెట్టె తెరిస్తే సాకెట్లన్నీ గోధుమరంగు ముద్దలా అంటుకుని ఉంటాయి. మొదట చేయాల్సింది చదవడం. చీకటిగదిలో టార్చిని ఏటవాలుగా పట్టి, వేలితో మెల్లిగా తిప్పుతూ చూస్తే తుప్పు కింద ముద్రల నీడలు తేలతాయి. కనబడ్డవి ఫొటో తీసి రాసిపెట్టుకోవాలి. శాసన పరిశోధకులు రాయిని చెక్కకుండా తడి కాగితం అద్ది అచ్చు తీసుకున్నట్టే, ఇక్కడా ముందు నకలు, తరవాతే శుభ్రం.

అందరూ చేసే తొందరపని, మోటారుకి బిగించిన తీగల చక్రం మీద ముక్కను పట్టేయడం. పది సెకన్లలో తళతళలాడుతుంది. దాంతోపాటు ముద్రల అంచులు గుండ్రమై, ఏడాది గుర్తు మాసిపోతుంది. మెరుస్తుంది గానీ ఏమీ చెప్పదు.

మంచి పద్ధతులు నిదానమైనవి. ముందు కిరసనాయిల్లో నానబెట్టి జిడ్డు వదిలించాలి. తుప్పు మందంగా ఉంటే ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లు, వాటిలో కొంచెం వాషింగ్ సోడా. బ్యాటరీ ఛార్జరు మైనస్ తీగ సాకెట్టుకి, ప్లస్ తీగ పనికిరాని ఇనుపముక్కకి. కరెంటు పోనిస్తే గంటల్లో తుప్పు నల్లటి బురదగా మారి, బట్టతో తుడిస్తే వచ్చేస్తుంది, కింది ఇనుము అరగదు. రెండు జాగ్రత్తలు మరవకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. బకెట్టులోంచి హైడ్రోజన్ వస్తుంది కనక పని ఆరుబయటే, నిప్పుకు దూరంగా. క్రోమ్ పూత ఉన్న ముక్కలకి ఈ పద్ధతి తగదు, పూత పెచ్చులుగా లేచిపోతుంది. వాటికి నూనె, మెత్తటి ఇత్తడి బ్రష్షు, ఓపిక.

వెనిగర్ వంటి పులుపులో రాత్రంతా పడేసేవాళ్లున్నారు. తుప్పుతోపాటు ఉక్కునీ తినేసి ముఖం మీద మచ్చలు పెడుతుంది. గట్టిపరిచిన చిన్న స్ప్రింగులైతే పెళుసెక్కి, తరవాత తొడిగితే చిట్లిపోతాయి. రాట్చెట్టును ముందే విప్పి స్ప్రింగు పక్కన పెట్టుకోవాలి.

రాట్చెట్టు లోపల పళ్లచక్రం, దాన్ని ఆపే చిన్న నాలుక, నాలుకను నెట్టే స్ప్రింగు ఉంటాయి. తిరగడం లేదంటే చాలాసార్లు ఏదీ విరగలేదన్నమాటే. ఏళ్లనాటి గ్రీజు జిగురై నాలుకను పట్టేసి ఉంటుంది. శుభ్రం చేశాక మళ్లీ చిక్కటి గ్రీజు కూరితే అదే పరిస్థితి వస్తుంది. నాలుక చురుగ్గా వెనక్కి రావాలంటే పల్చటి నూనె రెండు చుక్కలు చాలు. బాగైందో లేదో చెవికే తెలుస్తుంది. శబ్దం పొడిగా, సమానంగా, ఒక్క పన్నూ దాటకుండా రావాలి.

పెట్టెకి రంగు వేయకుండా ఉండగలిగితే అదే ఉత్తమం. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనక పొడిగా రుద్దితే ఆ ధూళి ప్రమాదం. సబ్బునీళ్లతో కడిగి, సొట్టలు లోపలినుంచి చెక్కసుత్తితో మెల్లిగా తీసి, పైన మైనం పట్టిస్తే చాలు. రంగు పూర్తిగా పోయిన పెట్టెకి వేయవచ్చు గానీ, మూత లోపలి కాగితం జోలికి పోకూడదు.

చివరగా, పాత యజమానులు గీసుకున్న పొడి అక్షరాలు. కార్ఖానాల్లో దొంగతనం భయానికి మెకానిక్కులు తమ పేరు మొదటి అక్షరాలు పిడుల మీద చెక్కుకునేవారు. అరగదీసి కొత్తదానిలా చేయాలా, ఉంచాలా అని సేకర్తల్లో తగవు. కంపెనీ కొట్టిన ముద్రకి ఎంత విలువో, పనివాడు గీసుకున్న గీతకీ అంతే విలువ ఇస్తే తగవు ఉండదు.

మన పెట్టెలో మూడు దేశాలు

ఈ కథ అమెరికాలో నడిచినా, దాని తోక మన దగ్గరికీ వచ్చింది. 1980ల చివర హైదరాబాదులోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పనిచేసిన మెకానిక్ పెట్టెలో మూడు జాతుల పానాలు ఉండి తీరాలి.

1955 నుంచి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఇంగ్లండు సంతానం. దాని నట్లకు విట్‌వర్త్ కొలతలు. ఆ పానాల మీద అంకె నట్టు వెడల్పు కాదు, లోపలి బోల్టు మందం. ‘1/4 డబ్ల్యు’ అని ఉన్న పానా నోరు కొలిస్తే 0.525 అంగుళాలు వస్తుంది. పక్కనే ‘5/16 బి ఎస్’ అని ఇంకో అంకె ఉంటుంది. యుద్ధంలో ఉక్కు పొదుపు కోసం బ్రిటన్ విట్‌వర్త్ నట్లను ఒక సైజు తగ్గించినప్పుడు, ఒకే నోరు రెండు లెక్కలకి పనికొచ్చింది. అందుకే రెండు పేర్లు.

అంబాసిడర్ మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డే. కానీ అది 1948 తరవాతి బండి. ఆ ఏడాది అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే మరచుట్టు మీద ఒప్పందానికి వచ్చాయి. కాబట్టి దాని నట్లు అంగుళాల్లో, అంచు నుంచి అంచుకి కొలిచినవి. ఫియట్ కార్లు, బజాజ్ స్కూటర్లు ఇటలీ లెక్క, అంతా మిల్లీమీటర్లు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మిల్లీమీటరే రాజైంది.

అనుభవం ఉన్న మెకానిక్ వీటి చుట్టరికాలు నోటికి చెబుతాడు. 3/4 అంగుళం నట్టుకి 19 మిల్లీమీటర్ల సాకెట్టు హాయిగా సరిపోతుంది, తేడా వెంట్రుకవాసి. అరంగుళం నట్టుకి 13 తొడిగితే మాత్రం మూలలు నున్నబడి, నట్టు ఎవరికీ లొంగదు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, ఆ మిగిలిన ఖాళీలోనే ప్రమాదమంతా.

మిల్లీమీటరు గెలిచాక అంగుళాల పానాలకు పనిపోయింది. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో అవి కిలోల లెక్కన తూకానికి వస్తుంటాయి. అలాంటి గుట్టలో చెయ్యి పెట్టేవాళ్లు ముందు మెరుపు చూడకండి, ముద్ర చూడండి. రెండు కొలతలున్న విట్‌వర్త్ పానా, ‘వి’ గుర్తు ఉన్న రాట్చెట్టు, వదులుగా ఆడే 9/32 సాకెట్టు కనబడితే తూకం ధరకి వదిలేయకండి. ఇంటికి తెచ్చాక గ్రైండరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి.

సాకెట్టు దొరికింది, పిడి దొరికింది. ఎంత బలంగా బిగించాలన్నది మాత్రం ఇంకా చేతివాటానికే వదిలేసిన లెక్క. న్యూయార్క్ నీటి సరఫరా శాఖలో బోల్టులు ఒక్కొక్కటీ ఒక్కో బిగువులో ఉండటం చూసి విసిగిన ఒక ఉద్యోగి, ఆ బిగువును కొలిచే పానా ఎలా చేశాడో వచ్చే భాగంలో.